చివరి విస్తరి

మా ఊళ్లో ఎవరింట పెళ్లయినా వడ్డనకు మా పెదనాన్నే పెద్ద. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. అయినా ఇరవైమంది కుర్రాళ్లం ఆయన కనుసైగకే కదిలేవాళ్లం. అది పుట్టుకతో వచ్చిన పెద్దరికం అనేది మా నాయనమ్మ. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

నా పన్నెండో ఏట మొదటిసారి పప్పు బకెట్ నా చేతికొచ్చింది. బంతి మొదట్లో అందరూ తెలిసినవాళ్లే. పేరుపేరునా పలకరిస్తూ గరిటెల నిండా వేసుకుంటూ పోయాను. కొసకు వచ్చేసరికి బకెట్ ఖాళీ. చివరి విస్తరి ముందు ఒక ముసలమ్మ, అన్నం మధ్యలో గుంట చేసుకుని, ఎదురుచూస్తూ కూర్చుంది. పప్పు కావాలని అడగలేదు. పెదనాన్న గాడిపొయ్యి దగ్గర్నుంచి ఇంకో బకెట్ తెచ్చి, గొంతుక్కూర్చుని తనే వడ్డించారు. పైన ఇంకాస్త నెయ్యి వేశారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. "ఒరే, మొహాలు చూడకు, ఆకులు చూడు. మారు వడ్డన ఈ కొస నుంచి మొదలెట్టు" అన్నారంతే. ఆయనా ఒకప్పుడు మంచినీళ్ల గ్లాసులు అందిస్తూ మొదలైనవారేనని తర్వాతెప్పుడో తెలిసింది.

నాయకత్వం మాట వచ్చినప్పుడల్లా నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ కూడా గుర్తొస్తారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఆమె పద్నాలుగేళ్ల వాలంటీరు. ఖద్దరు ప్రదర్శనకు టికెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను గుమ్మంలోనే ఆపేశారు. నిర్వాహకులు టికెట్టు కొన్నాకే లోపలికి వెళ్లనిచ్చారు. ఈ సంగతి చెప్పుకున్నప్పుడల్లా ఆ వయసులో అంత ధైర్యమా అని మురిసిపోతాం. నా మనసు మాత్రం ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పొద్దుటినుంచీ వచ్చినవాళ్లందరినీ టికెట్టు అడిగిన పిల్ల, పెద్దమనిషి రాగానే పక్కకు తప్పుకుంటే ఆ పనికి విలువేముంది? మొండితనం ఆమెకు పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు, కాదనను. దాన్ని ఎక్కడ వాడాలో మాత్రం అలాంటి చిన్న పనులే నేర్పి ఉంటాయని నా గట్టి నమ్మకం. 1937లో ఆమె మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో నాకు కనిపించేది ఆ గుమ్మం దగ్గరి వాలంటీరే.

ఆ పెళ్లిరోజు అందరూ లేచాక పెదనాన్న ఆఖరి బంతిలో కూర్చున్నారు. పప్పు అయిపోయింది. కూరా అడుగంటింది. చారు గిన్నె పట్టుకుని నేనే వెళ్లాను. పోసి, ఆయన ఆకు వంకే చూస్తూ నిలబడ్డాను.