నంబరు దాచిన నేర్పు

పిల్లల క్లాసు వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. రేపు పిల్లల్ని తెల్ల డ్రెస్సులో పంపండని టీచరమ్మ ఓ మాట రాస్తారు. దాని కింద వరసగా దండాల బొమ్మలు, ఎవరిదో పెళ్లిరోజు, ఎవరిదో ఇన్సూరెన్సు ప్రకటన. సాయంత్రానికి ఆ తెల్ల డ్రెస్సు ఎక్కడుందో వెతుక్కోవాలి.

అమెరికా బడుల్లో టీచర్లు తల్లిదండ్రులకి కబుర్లు పంపడానికి వాడే రిమైండ్ అనే మెసేజ్ సేవని చూసినప్పుడు నాకు ముచ్చటేసింది అందుకే. ఏమేం పెట్టకూడదో బాగా ఆలోచించి చేసిన పనిముట్టు అది. బ్రెట్, డేవిడ్ కాప్ఫ్ అనే అన్నదమ్ములు 2011లో మొదలుపెట్టారు. అప్పటి పేరు రిమైండ్101. బ్రెట్‌కి డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉండటంతో చదువుకునే రోజుల్లో పరీక్షల తేదీలు గుర్తుపెట్టుకోవడమే పెద్ద గండం. ఆ తిప్పలే దీనికి విత్తనం.

చేరే పద్ధతి చూడండి. టీచరు బోర్డు మీద క్లాసు కోడ్ రాస్తారు. అమ్మో నాన్నో దాన్ని 81010కి ఎస్సెమ్మెస్ చేస్తే చాలు. యాప్ అక్కర్లేదు, డబ్బా ఫోనైనా పర్లేదు. టీచరు నంబరు తల్లిదండ్రులకి కనబడదు, వాళ్ల నంబర్లు టీచరుకి కనబడవు. టీచరు ప్రకటన పెడితే అది ఎవరికి వారికే విడిగా వచ్చినట్టు ఉంటుంది. అందరి మధ్యా జవాబు రాసే దారి లేదు కాబట్టి దండాలకి చోటే లేదు. పంపిన మాటని తర్వాత చెరిపేయడమూ కుదరదు. రేపేదైనా పేచీ వస్తే ఇరువైపులా రికార్డు ఉంటుంది. నన్నడిగితే, పసివాళ్ల వ్యవహారంలో ఇదే అన్నిటికన్నా పెద్దమనిషి తరహా.

ప్రకటనకి 140 అక్షరాల హద్దు పెట్టారు. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో పట్టేవే 160. దాంతో టీచరు ఉపోద్ఘాతం మానేసి విషయానికి వస్తారు. ఇలాంటిది మన లిపిలో చేయాలనుకునేవాళ్లకి మాత్రం చెమటలు పడతాయి. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కి 70 గడులే. గుణింతానికో గడి, ఒత్తు కోసం పొల్లుకో గడి. కంటికి రెండక్షరాలుగా కనబడే ‘క్షేమం’ అక్కడ ఆరు గడులు తినేస్తుంది.

టీచరు తన పనివేళలు ముందే పెట్టుకోవచ్చు. ఆ వేళ దాటాక రాయబోయిన తల్లికి, టీచరు ఇప్పుడు అందుబాటులో లేరని కనిపిస్తుంది. టీచరు నోటితో చెబితే విసుక్కున్నట్టుండే మాటని పనిముట్టు చెబితే ఎవరికీ నొప్పి కలగదు.

ఎస్సెమ్మెస్ మీద ఆధారపడటంలో ఉన్న చిక్కు 2019 జనవరిలో బయటపడింది. అక్కడి ఫోన్ కంపెనీ వెరైజన్ మెసేజ్‌ల మీద అదనపు రుసుము వేయబోయింది. అది తాము భరించలేమనీ, వెరైజన్ ఫోన్లకి ఉచిత ఎస్సెమ్మెస్‌లు ఆపేయాల్సి వస్తుందనీ రిమైండ్ ఊరంతా చాటింది. టీచర్లు, తల్లిదండ్రులు గోల పెట్టారు. చివరికి బడులకి ఉచితంగా పంపే మెసేజ్‌ల మీద రిమైండ్ నుంచి ఆ రుసుము తీసుకోబోమని వెరైజన్ వెనక్కి తగ్గింది.