చంటిబిడ్డకు నీళ్లు పోసే తొట్టి

స్నానపు తొట్టెలు రాకముందు నెల్లూరు జిల్లా వెంకటాచలం చుట్టుపక్కల ఊళ్లలో చంటిబిడ్డకు పెద్దవాళ్ల కాళ్లే తొట్టి. అమ్మమ్మో నాయనమ్మో పీట మీద కూర్చుని కాళ్లు బారచాపుతుంది. రెండు పిక్కల నడుమ పల్లంలో బిడ్డను పడుకోబెట్టి, నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది, చెంబుతో గోరువెచ్చని నీళ్లు పోస్తుంది. ఈ పద్ధతిలో రెండు గుణాలున్నాయి. పోసిన నీళ్లు పోసినట్టే జారిపోతాయి గనక బిడ్డ కింద నిలవ నీరుండదు. బిడ్డ ఒళ్లంతా మనిషి ఒంటికి ఆనుకునే ఉంటుంది గనక అది జారబోతుంటే ముందు తెలిసేది కాళ్లకే.

పెద్దావిడ మోకాళ్లు సహకరించక, సిజేరియన్ అయిన తల్లి నేల మీద కూర్చుని వంగలేక, ఇంట్లో మూడో మనిషి లేక తొట్టి వచ్చింది. అది తప్పేమీ కాదు. అయితే తొట్టి రాగానే నిలవ నీళ్లు కూడా వచ్చాయి. పసిబిడ్డ మునిగిపోవడానికి రెండంగుళాల నీళ్లు చాలు. కేక వినపడుతుందిలే అనుకోవడానికి లేదు, మునిగే బిడ్డ చప్పుడు చేయదు. కాబట్టి తొట్టి రూపం గీసేవాళ్లు మొదట చూడాల్సింది అందులో నీళ్లు ఎన్ని పడతాయని కాదు, ఎంత తొందరగా పోతాయని.

కొలతలకు బిడ్డ ఒళ్లే ఆధారం. పుట్టినప్పుడు బిడ్డ పొడవు 50 సెంటీమీటర్లు, బరువు మూడు కిలోలకు కాస్త అటూఇటూ. ఆరు నెలలకు పొడవు 65 దాటుతుంది, బరువు ఏడెనిమిది కిలోలవుతుంది. పొడవులో నాలుగో వంతు తలే. మెడ నిలిచేది దాదాపు నాలుగో నెలకు, ఊతం లేకుండా కూర్చునేది ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య. అంటే మొదటి నాలుగు నెలలకు కావలసినది కూర్చునే తొట్టి కాదు, ఏటవాలు పడక. తల, భుజాలు నీటికి పైన ఉండాలి. గడ్డం ఛాతీకి నొక్కుకుపోయేంత నిటారుగా ఉంటే ఊపిరి ఆడదు, కాబట్టి వాలు మరీ ఎక్కువ కాకూడదు. పిరుదుల దగ్గర చిన్న మిట్ట ఉంటే బిడ్డ కిందికి జారదు. లోపలి అంచులన్నీ గుండ్రంగా, చేతివేలు ఇరుక్కునే సందు ఎక్కడా లేకుండా ఉండాలి.

మన ఇళ్లలో తొట్టికి అసలు పరీక్ష నూనె. ఆముదమో నువ్వులనూనో రాసి సున్నిపిండి పట్టించిన బిడ్డ, నునుపైన ప్లాస్టిక్ మీద చేప పిల్లలాగా జారుతుంది. అంగడిలో అందంగా మెరిసే తొట్టెలన్నీ ఇక్కడే ఓడిపోతాయి. అడుగున, వీపు ఆనే చోట గరుకు ఉండాలి, అయితే పసి చర్మం గీసుకుపోయేంత కాదు. పాత నూలు చీర ముక్కను తడిపి నాలుగు మడతలు వేసి పరిస్తే ఆ పని చాలామటుకు తీరుతుంది. సున్నిపిండి తొట్టి కన్నంలో పేరుకుంటుంది కాబట్టి నీళ్లు పోయే కన్నం బొటనవేలు పట్టేంత వెడల్పుండి, బిరడా బయటివైపు నుంచి తీసేలా ఉంటే మేలు. పది లీటర్ల నీళ్లంటే పది కిలోల బరువు, బాలింత దాన్ని ఎత్తి కుమ్మరించాల్సిన అవసరం రాకూడదు.

తొట్టి అడుగున అంటుకునే రబ్బరు కప్పులు టైల్స్ మీద బాగానే పనిచేస్తాయి, దొడ్డి సిమెంటు గచ్చు మీద పట్టవు. తీరానికి దగ్గరి ఊళ్లలో చాలా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పు తెల్లటి పొరగా పేరుకుంటే టైల్స్ మీద కూడా పట్టు సడలుతుంది. వెడల్పాటి అడుగు, దాని చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న తొట్టిని నేల మీదే పెట్టుకోవడం వీటన్నిటికంటే నమ్మకం. నడుము ఎత్తున బల్ల మీద పెడితే తల్లికి సుఖమే, కానీ ఆ ఎత్తు నుంచి పడితే బిడ్డకు ముప్పు. ఈ రెంటిలో ఏది ముఖ్యమంటే తూకం నేల వైపే. తల్లి కూర్చోవడానికి అడుగు ఎత్తు పీట వేసుకుంటే నడుముకూ కొంత ఊరట.

అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా సంఘం కూర్చోబెట్టే స్నానపు సీట్లకు 2010లో, శిశువుల స్నానపు తొట్టెలకు 2017లో తప్పనిసరి నిబంధనలు తెచ్చింది. మడత తొట్టి తాళం తనంతట తాను విడిపోకూడదని, బరువుకు విరగకూడదని, హెచ్చరిక రాతలు చెరిగిపోకూడదని అవి చెబుతాయి. అయినా అక్కడి పిల్లల వైద్యుల సంఘం స్నానపు సీట్లను వాడవద్దనే అంటుంది. సీటు ఒరిగితే బిడ్డ ముఖం నీళ్లలో ఉంటుంది, పైగా సీటు పట్టుకుని ఉందన్న ధీమాతో పెద్దవాళ్లు ఫోను కోసం పక్క గదిలోకి వెళతారు. పట్టీలతో బిగించే తొట్టిని మెచ్చుకోవడానికి లేనిది ఇందుకే.

నీళ్ల సంగతి తొట్టి కంటే ముఖ్యం. వేడి 37, 38 డిగ్రీల దగ్గర, అంటే ఒంటి వేడికి సమానంగా ఉండాలి. మోచేత్తో చూస్తే తెలుస్తుంది. రంగు మారే పట్టీలు తొట్టికి అతికించి వచ్చినా మోచేతి పరీక్ష మానకూడదు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాలుస్తాయి. అందుకని ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్నీళ్లు పోసి కలిపి, ఆ తర్వాతే బిడ్డను దించాలి. బిడ్డ లోపల ఉండగా వేడి నీళ్లు తొలపకూడదు. రాడ్డు హీటరు బకెట్ ఆ గదిలోనే ఉండకూడదు. లోతు రెండంగుళాలు మించనవసరం లేదు. అయిదు నుంచి పది నిమిషాల్లో పని ముగించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల గాలి నెల్లూరు జిల్లాను తడుపుతుంటుంది. ఆ రోజుల్లో దొడ్లో కాక తలుపు మూసిన గదిలో నీళ్లు పోయడం, పొడి తువాలు చేతికందేలా పెట్టుకోవడం మంచిది. బరువుతో పోల్చితే పసి ఒంటికి చర్మం ఎక్కువ, అందుకే తడిసిన బిడ్డ తొందరగా చల్లబడుతుంది.

పుట్టిన 24 గంటల వరకు స్నానం ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. తొట్టి ఎంత మంచిదైనా, ముక్కుకు నోరు పెట్టి ఊదడం, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వేయడం లాంటి అలవాట్లను అది మాన్పించలేదు. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా రావచ్చు. సాంబ్రాణి పొగ కూడా నిద్రపోయే బిడ్డ ముక్కుకు తగలకుండా చూడాలి.

మొదటి నాలుగు నెలలకు నీళ్లు నిలవని వాలు పడక, అంటే చెంబుతో పోస్తే వడిసిపోయే జల్లెడ గుడ్డ లేదా రంధ్రాల పలక, తొట్టి కంటే మేలు. అది అమ్మమ్మ కాళ్ల పద్ధతికి దగ్గర. తొట్టి ఆ తర్వాతకు. ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి. బిడ్డ అంచు పట్టుకుని లేవడం మొదలుపెట్టిన రోజున తొట్టి ఆపేయాలి. ఆపైన దాన్ని బట్టలు నానేయడానికి వాడుకునేవాళ్లు, పాకే బిడ్డ ఇంట్లో ఉన్నన్నాళ్లు పని కాగానే నీళ్లు పారబోసి బోర్లించి పెట్టండి. బకెట్లకూ అంతే.