కుట్టుకి వదిలిన బట్ట

మార్గరెట్ అట్‌వుడ్ నవల ‘ఏలియస్ గ్రేస్’ (1996) మీద నా పరిశోధనలో ఒక అధ్యాయం రాశాను. అందులో ‘క్విల్ట్’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ముక్కలుగా ఉన్న కథనం, ఆ ముక్కల్ని కలిపే స్త్రీ చేయి అంటూ చాలా రాశాను. నిజానికి అప్పటికి నేను రెండు గుడ్డముక్కలు కలిపి కుట్టి ఎరగను. సూది వదిలి కలం పట్టుకోవడమే గెలుపనుకుని పెరిగినదాన్ని. ఈ వేసవిలో, నవల చివర గ్రేస్ కుట్టే ‘ట్రీ ఆఫ్ ప్యారడైజ్’ నమూనాని కుట్టి చూశాను. పూర్తి దుప్పటి కాదు, దిండు గలీబుకి సరిపడే ఒక్క గడి. అది పూర్తయ్యేసరికి నా అధ్యాయంతోనే నాకు పేచీ వచ్చింది.

నవలకి ఆధారం నిజంగా జరిగిన నేరం. 1843 జులైలో, నేటి కెనడాలోని రిచ్‌మండ్ హిల్ దగ్గర థామస్ కినియర్, అతని ఇల్లు చూసుకునే నాన్సీ మాంట్‌గొమరీ హత్యకి గురయ్యారు. పనివాడు మెక్‌డెర్మాట్‌ని ఉరితీశారు. పదహారేళ్ల ఐరిష్ పనిపిల్ల గ్రేస్ మార్క్స్ మరణశిక్ష యావజ్జీవంగా మారింది. 1872లో క్షమాభిక్ష దొరికింది. నవలలో సైమన్ జోర్డన్ అనే డాక్టరు ఆమె మనసులో ఉన్నది బయటికి తీయాలని వస్తాడు. గవర్నరు ఇంటి కుట్టుగదిలో అతను అడుగుతూ రాసుకుంటాడు, ఆమె కుడుతూ చెబుతుంది. నవలలోని 15 భాగాలకీ క్విల్ట్ నమూనాల పేర్లే ఉన్నాయి.

గ్రేస్ మౌనాలని నా అధ్యాయంలో ‘ఖాళీలు’ అన్నాను. కథ చిరిగిన చోట్లు, పాఠకులు పూరించుకోవలసిన చోట్లు అని. కత్తెర పట్టాక తెలిసింది వేరు. ఈ చెట్టు ఆకులన్నీ చిన్న చిన్న త్రికోణాలు. పైకి 2 అంగుళాల భుజాలతో కనబడాల్సిన త్రికోణానికి 2⅞ అంగుళాలు కత్తిరించాలి, చుట్టూ పావు అంగుళం కుట్టుకి వదలాలి గనక. లెక్క వేసి చూస్తే కత్తిరించిన బట్టలో సగానికి పైగా లోపలికే పోతుంది. ఆ లోపలి బట్ట వృథా కాదు. అది లేకపోతే ఒక్క లాగుకి కుట్టు విడిపోతుంది.

డాక్టరు ఆమె ముందు ఆపిల్ పండు పెట్టి ఇది చూస్తే ఏం తోస్తోందని అడిగే ఘట్టం ఉంది. అతనికి ఏ జవాబు కావాలో ఆమెకి తెలుసు. ఆ సంగతి మనకీ తెలుస్తుంది. అయినా అతనితో మాత్రం ఆపిల్ అని ఊరుకుంటుంది. నేను దాన్ని ‘అవిశ్వసనీయ కథనం’ అన్న పెట్టెలో పడేశాను. ఇప్పుడు చూస్తే అది కుట్టుకి వదిలిన బట్ట. పరాయి ఇంట్లో పరాయివాళ్ల దుప్పట్లు కుడుతూ బతికే ఖైదీ తన మనసునంతా పైకి పరిచేస్తే ఆమెకి మిగిలేదేమిటి?

రెండో పేచీ ముగింపుతో. ఎన్నో దుప్పట్లు కుట్టిన గ్రేస్ తనకోసం కుట్టుకునే మొదటిది ఈ చెట్టే. అందులో మూడు త్రికోణాలు ప్రత్యేకం: గర్భస్రావం వికటించి చనిపోయిన స్నేహితురాలు మేరీ విట్నీ లోపావడాది ఒకటి, తన జైలు దుస్తులది ఒకటి, నాన్సీ గౌనుది ఒకటి. ముగ్గురూ ఇళ్లలో పనిచేసినవాళ్లే. ఇది సోదరిత్వం అని రాసి అధ్యాయం ముగించాను.

నా గడికీ మూడు ముక్కలు వెతికాను. అమ్మమ్మ నేతచీర చెంగు దొరికింది. నా పాత పరికిణీ దొరికింది. మూడోది, నా చిన్నతనమంతా మా ఇంట్లో పనిచేసినావిడది పెట్టాలనుకున్నాను. అమ్మనడిగితే నవ్వింది. “ఆవిడ బట్ట మనింట్లో ఎందుకుంటుందే? మన పాతవే ఆవిడకిచ్చేవాళ్లం గానీ.”

నిజమే. మా ఇంట్లో బట్టలు ఎప్పుడూ ఒకవైపుకే నడిచాయి. అయితే అటక మీద ఒక బొంత ఉంది. అమ్మమ్మ పాతచీరలు పొరలుగా పరిచి ఆవిడే కుట్టింది. దాన్ని మేం ఇప్పటికీ ‘అమ్మమ్మ బొంత’ అనే అంటాం.

చివికిన ఆ బొంత అంచున, ఆవిడ కుట్లున్న చోట త్రికోణం కత్తిరించాను. ఎవరినీ అడగలేదు. అడగడానికి ఆవిడ లేదు కూడా. అప్పుడే నాన్సీ గుర్తొచ్చింది. గ్రేస్ కూడా ఆమెని అడగలేదు. ఎవరెవరు ఒకచోట ఉండాలో నిర్ణయించింది సూది చేతిలో ఉన్నామె ఒక్కతే. మిగతా ఇద్దరూ చనిపోయారు. ఆ చేర్చడంలో ప్రేమ ఉంది, అధికారమూ ఉంది. నాన్సీ చావుతో గ్రేస్‌కి ఉన్న సంబంధమేమిటో నవల చివరిదాకా తేల్చదు గనక, ఆ ముక్క ప్రాయశ్చిత్తమో స్వాధీనమో కూడా తేలదు. అట్‌వుడ్ తేల్చకుండా వదిలిన దాన్ని ‘సోదరిత్వం’ అన్న ఒక్క మాటతో ఇస్త్రీ చేసేశాను నేను.

మూడు పొరల బొంత ముక్క మిగతా పల్చటి బట్టలతో కలవలేదు. సూది దిగక రెండుసార్లు విరిగింది. గడి అక్కడ ఉబ్బెత్తుగానే ఉండిపోయింది. అధ్యాయాన్ని పుస్తకంగా వేసేముందు ముగింపు తిరగరాయాలి. ఎవరి బట్ట, ఎవరి చేయి, ఎవరి పేరు అన్న మూడు ప్రశ్నలూ అడగకుండా ఈసారి సోదరిత్వం అన్న మాట రాయలేను.