పాటకు నుపసర్గము: జోనీ మిచెల్ గేయములందు జాకో పాస్టోరియస్ బాస్ వాద్యము

సహార్థకపదముతోఁ గూడినచోట నప్రధానమైనదానికిఁ దృతీయావిభక్తి వచ్చునని పాణినిమహర్షి శాసించెను. ‘పుత్రునితోఁ గూడఁ దండ్రి వచ్చెను’ అన్నప్పుడు వచ్చుటయను క్రియ యిద్దఱికిని సమానమే. నడచిన దూర మొక్కటియే, పొందిన యలసట యొక్కటియే. అయినను వాక్యమునందుఁ దండ్రి ప్రధానుఁడు, పుత్రుఁ డప్రధానుఁడు. ఈ సూత్రమును ముప్పదియేండ్లుగాఁ బాఠము చెప్పుచున్నాను. సంగీతసభలలోఁ బ్రక్కవాద్యమును వినునప్పుడెల్ల నిది జ్ఞప్తికి వచ్చి యొక సందేహమును గలిగించుచుండును. ఆ యప్రధానుఁడు ప్రధానునితో సమానమైన ప్రతిభ కలవాఁడైనచో వాని ధర్మమేమి? తన విద్య నణఁచుకొని యుండుటయా? లేక దానిని బూర్ణముగాఁ జూపియు నప్రధానుఁడుగానే నిలుచు మార్గ మొకటి కలదా?

ఈ సందేహము నాకు సంగీతమువలనఁ గలిగినది మాత్రము కాదు. కొన్నియేండ్లక్రిందట నేనొక చిన్నకావ్యమునకు టీక వ్రాసితిని. అందొక పద్యమునందలి క్రియాపదమునకు ముచ్చటపడి దాని రూపసిద్ధినే నాలుగు పుటలు విస్తరించితిని. నాయొద్దఁ జదువుకొనిన శిష్యుఁ డొకఁడు దానిని జదివి, ‘అయ్యవారూ! టీక మిగులఁ బ్రౌఢముగా నున్నది. అది ముగియునప్పటికిఁ బద్యమేదియో మఱచితిని’ అని వినయముతోడనే పలికెను. ఆ మాట నేఁటికిని నా మనస్సున ముల్లువలె నున్నది. ఆ శిష్యుఁడే తరువాతఁ గొంతకాలమునకు ‘హెజిరా’ యను పాశ్చాత్యగేయసంపుటమును నాకు వినిపించెను. మొదట నా చెవి కది పట్టలేదు. పలుమాఱు వినఁగా, టీకనుగూర్చిన నా ప్రశ్నకే యందు సమాధాన మున్నట్లు తోఁచినది. ఈ వ్యాసమునకు నదియే కారణము.

జోనీ మిచెల్ కెనడాదేశమున ఆల్బర్టాప్రాంతమందలి ఫోర్ట్ మెక్లౌడునందు 1943 వ సంవత్సరమున జనించెను. తాను గేయమును రచించి, తానే స్వరపఱచి, గిటారును మీఁటుచుఁ దానే పాడు వాగ్గేయకారిణి. 1971 లో వెలువడిన ‘బ్లూ’ యను సంపుట మామె కీర్తిని స్థిరపఱచినది. జాకో పాస్టోరియస్ అమెరికాలోని పెన్సిల్వేనియారాష్ట్రమున నారిస్‌టౌనునందు 1951 డిసెంబరు 1 వ తేదీనిఁ బుట్టి, ఫ్లోరిడాలోఁ బెరిగినవాఁడు. తన పేరిట మొదటి సంపుటమును వెలువరించుటయు, ‘వెదర్ రిపోర్ట్’ అను జాజ్ బృందమునఁ జేరుటయు, ‘హెజిరా’ యందు మిచెల్‌కుఁ దోడుగా వాయించుటయు 1976 వ సంవత్సరముననే జరిగినవి. ఆ నవంబరున ‘హెజిరా’ వెలువడునప్పటి కతనికి నిరువదియైదేండ్లు నిండలేదు.

బాస్ అనఁగా మంద్రస్థాయిలోఁ బలుకు గిటారు. దానికి నాలుగు తంత్రులు. గిటారునందలి దిగువతంత్రులు నాలుగింటికంటె నవి యొకస్థాయి క్రిందుగా మ్రోగును. పాటకు మూలస్వరమును, లయకు నడకను నిచ్చుట దాని వాడుకపని. పాస్టోరియస్ వాయించినది మెట్లులేని ఫెండర్ జాజ్ బాస్. మెట్లు తీసివేసిన గాడులను బూడ్పించి, చెక్కపైఁ బడవలకుఁ బూయు గట్టి ఎపాక్సీలేపమును బూసి యాతఁడు దానిని సిద్ధపఱచుకొనెను. వీణకు మెట్లున్నవి, వయొలీనునకు లేవు. మెట్లులేనిచోట స్వరమునుండి స్వరమునకు జాఱుట సులభము. సరియైన స్థానమును బట్టుట కష్టము. ఆ కష్టమును జయించినవాఁ డగుటచే నతని బాస్ మనుష్యకంఠమువలెఁ బలికెను. అదియునుగాక, తంత్రిని నొక్కక, సగమునందో మూఁడవపాలునందో నాలవపాలునందో మెల్లఁగాఁ దాఁకి మీఁటి, గంటలవంటి తారస్వరములను బుట్టించు విద్యయు నతనికిఁ గరతలామలకము. తన మొదటి సంపుటమందలి ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’ యను ఖండమున నట్టి స్వరములను ముఖ్యముగాఁ గొని, బాస్ నొక్కదానినే వాయించి, రాగమును సహరాగమును గూడఁ దానే పలికించినాఁడు.

ఇట్టి వాద్యమునకు మిచెల్ పాటయం దవకాశ మెట్లు కలిగినదో చెప్పవలెను. ఆమెకుఁ దొమ్మిదవయేఁటఁ బోలియో సోఁకి యెడమచేతి పట్టు సడలినది. అందుచే వాడుకలోని గిటారుశ్రుతిని విడిచి, తన చేతి కనువైన శ్రుతులను బెక్కింటిని గల్పించుకొనెను. వానినుండి పుట్టు స్వరసముదాయములు పలుచోట్ల నిది యిట్టిదని తేల్పరానివి. ఒక ప్రశ్న యుత్తరమునకై వేచియున్నట్లు నిలిచియుండును. క్రింద నొక బాస్ మూలస్వరమును బలముగా మీఁటెనేని యా సందిగ్ధత తెగిపోవును. ఒక్క యర్థమే మిగులును. శ్లేషపద్యమున కొక్క యర్థమును జెప్పి ముగించిన టీకవంటి దది. కావున మిచెల్‌కుఁ గావలసినది మూలస్వరమును జెప్పి తీర్పు తీర్చు బాస్ కాదు.

ఇచ్చట మా శాస్త్రమునందలి యొక పాఁత వివాదము తోడ్పడును. ఉపసర్గములకు స్వతంత్రమైన యర్థము కలదా? శాకటాయనుఁడు లేదనెను; గార్గ్యుఁడు కలదనెను. యాస్కుఁడు నిరుక్తమున నీ రెండు మతములను జెప్పినాఁడు. భర్తృహరి వాక్యపదీయమున వాచకము, ద్యోతకము, సహకారి యని మూఁడు పక్షములను జూపెను. తన యర్థమును దానే చెప్పునది వాచకము. ధాతువునం దడఁగియున్న యర్థమును వెలికిఁ దెచ్చునది ద్యోతకము. దీపము కుండను జూపును గాని కుండను జేయదు. ధాతువున కర్థము చెప్పు శక్తి కలుగుటకుఁ దోడగునది సహకారి. ఆగమనము, నిర్గమనము, సంగమము, అనుగమనము అను పదములను జూడుఁడు. ధాతు వొక్కటియే, ముందు చేరిన చిన్నమాటచే రాక పోకయైనది, పోక కలయికయైనది. ఆ చిన్నమాట యే తెచ్చినదో, ధాతువునం దున్నదానినే చూపినదో యన్నదే వివాదము.

వాడుకబాస్ సహకారి. పాటకు బలమిచ్చును, అర్థమును మార్చదు. ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’ లోని బాస్ వాచకము. దానికిఁ బాటతోఁ బనిలేదు. ‘హెజిరా’ లోని బాస్ ద్యోతకమని నా సిద్ధాంతము.

ఆ సంపుటమున గేయములు తొమ్మిది. పాస్టోరియస్ వాయించినవి నాలుగే: ‘కయోటీ’, ‘హెజిరా’, ‘బ్లాక్ క్రో’, ‘రెఫ్యూజ్ ఆఫ్ ది రోడ్స్’. మిచెల్ 1976 లో అమెరికా తూర్పుతీరమునందలి మెయిన్ రాష్ట్రమునుండి కాలిఫోర్నియాకుఁ గారును దానే నడుపుకొనుచు వచ్చిన ప్రయాణమున నీ సంపుటమందలి గేయములు పెక్కు పుట్టినవి. హెజిరా యనునది అరబీపదమగు హిజ్రాకు రూపాంతరము, క్రీ. శ. 622 నాఁటి మక్కా మదీనాప్రయాణమునకుఁ బేరై, మనదేశమునను హిజ్రీశకమను వ్యవహారముచేఁ బ్రసిద్ధమైనది. విడిచిపోవుట యను నర్థ మీ గేయములకెల్ల ధాతువువంటిది. మిచెల్ గానమును గిటారును ముందుగాఁ బూర్తియైన పిమ్మటనే పాస్టోరియస్ తన వాద్యమును వానిపైఁ జేర్చెను. అనఁగా మూలము సిద్ధమై యుండఁగా వ్రాసిన టీక యిది.

‘కయోటీ’ యందు మాటలు వడివడిగాఁ గ్రిక్కిఱిసి వచ్చును. అచ్చట బాస్ మాటలతోఁ బోటీపడదు. పాదము ముగిసి గాయని యూపిరి తీయునెడఁ బైకి జాఱి, గంటలవంటి స్వరమొకటి పలికి, మరలఁ బ్రక్కకుఁ దొలఁగును. సంపుటమునకుఁ బేరైన గేయమున నొక్కనివే యగు బాస్ స్వరము లొకదానిపై నొకటిగాఁ జేరి వినవచ్చును. ఒంటరిగాఁ బ్రయాణించుచు మరణమును దలఁచు నొక యువతి యాలోచన లా గేయమునకు విషయము. ఆ స్వరములు గుంపై యుండియు నొక్కని కంఠమువలెనే యుండుట యామె యొంటరితనమునే మఱింత స్ఫుటము చేయుచున్నది. కడపటిదగు ‘రెఫ్యూజ్ ఆఫ్ ది రోడ్స్’ చివర గాయని చంద్రయాత్రికులు తీసిన భూగోళచిత్రమును రహదారిప్రక్కఁ జూచి, యందు నగరములును దారులును దానును గనఁబడమిని దలపోయును. మాటలలో నా దూరము చెప్పఁబడినది. వినువాని కది తెలియుట క్రింద నిదానముగా దిగు బాస్ వలననే. పాటలో లేనిదానిని బాస్ తేలేదు. ఉన్నది కనఁబడినది.

వేదభాషయం దుపసర్గమునకొక స్వాతంత్ర్యము కలదు. లౌకికభాషలో నది ధాతువునకు ముందే, దానిని దాఁకియే యుండవలెను. వేదమునం దన్యపదములచే వ్యవహితమై దూరమున నుండవచ్చును. ధాతువునకుఁ దరువాతనైనను రావచ్చును. అయినను సంబంధము తెగదు. పాస్టోరియస్ బాస్ ఛాందసమైన యుపసర్గము. గాయని పలికిన చాలసేపటికి బదులు పలుకును. ఒకచో నామెకంటె ముందే యామె రానున్న చోటికిఁ బోయి నిలుచును. ఎంత దూరము పోయినను నే క్రియకుఁ జెందినదో మనకు సందేహము కలుగదు.

ఇఁకఁ బూర్వపక్షము. ఈ బాస్ మిక్కిలి ముందునకు వచ్చినది, వినువాని చెవిని దనవైపునకు లాగుకొనుచున్నది, మాటలు మఱపించుచున్నది యని యాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపము త్రోసివేయఁదగినది కాదు. మెదకుప్రాంతమందలి కొలిచాలమువాఁడని ప్రసిద్ధుఁడైన మల్లినాథసూరి తన టీకకుఁ దానే రెండు కట్టుబాట్లు పెట్టుకొనెను: మూలమున లేనిదానిని వ్రాయనని యొకటి, అవసరము లేనిదానిని జెప్పనని రెండవది. ఈ రెండింటితోఁ బరీక్షింతము. ‘హెజిరా’ లోని నాలుగు గేయములును రెంటికిని నిలుచును. 1977 డిసెంబరున వెలువడిన ‘డాన్ జువాన్స్ రెక్‌లెస్ డాటర్’ అను సంపుటమునందుఁ గొన్నిచోట్ల మొదటి కట్టుబాటు నిలిచియు రెండవది సడలినది. చెప్పినది మూలవిరుద్ధము కాదు. కాని చెప్పినదే మరలఁ జెప్పఁబడినది. నా నాలుగు పుటల రూపసిద్ధి నా కచ్చట వినఁబడినది.

‘హెజిరా’ లోనే మఱియొక సాక్ష్యము కలదు. 1937 లో విమానముతో నదృశ్యురాలైన అమీలియా ఎయిర్‌హార్ట్‌ను సంబోధించి పాడిన ‘అమీలియా’ యందు బాస్ లేనేలేదు. తేలిపోవుచున్న యా గేయమునకు నేల యక్కఱలేదని నాకుఁ దోఁచినది. ఉపసర్గము లేకయే ధాతు వర్థవంతమగుచోట దానిని జేర్పకుండుటయు వ్యాకరణమే.

వాచకమగుటయు నన్నిచోట్ల దోషము కాదు. 1979 సెప్టెంబరున సాంటా బార్బరాలో జరిగిన కచేరి 1980 లో ‘షాడోస్ అండ్ లైట్’ అను పేర వెలువడినది. అందుఁ బాస్టోరియస్‌కుఁ బ్రత్యేకముగా నొక యవకాశ మీయఁబడినది. తాను వాయించినదానినే యంత్రముచే మరల మరలఁ బలికించుచు దానిపైఁ దానే వాయించినాఁడు. ఆ సమయమునఁ బాట లేదు. అతఁడే ప్రధానుఁడు, ప్రథమావిభక్తి యతనిదే. పాట మరలఁ బ్రారంభమైనంతనే తన తృతీయకుఁ దిరిగివచ్చెను. ఆ తిరిగివచ్చుటయందే యతని వివేకము నాకు గోచరించినది.

ఆ వివేక మతని జీవితమును గాపాడలేకపోయినది. మనోవ్యాధిచేఁ బీడితుఁడై, ఫ్లోరిడాలో నొక రాత్రి దెబ్బలు తిని, 1987 సెప్టెంబరు 21 వ తేదీని ముప్పదియైదవయేఁట నతఁడు మరణించెను. వాద్యమున నతఁడు తానై పలికిన ఖండములను జాజ్ విద్యార్థు లభ్యసించుచున్నారు, అది యుచితమే. కాని యతని విద్యయొక్క పూర్ణరూప మా నాలుగు గేయములం దున్నదని నా తలంపు. ప్రతిభ నణఁచుకొనలేదు, ప్రధానత్వమును గోరలేదు. తన కున్న శక్తినంతయు మఱియొకరి మాట యర్థమగుటకై వెచ్చించినాఁడు.

సహృదయు లా గేయములను విని నా సిద్ధాంతమును బరీక్షింతురు గాక. నా టీక మరల నచ్చగు నవకాశము వచ్చినది. ఆ నాలుగు పుటలను దీసివేసి, పద్యమునకుఁ గావలసిన రెండు వాక్యములను మాత్రము నిలిపితిని. శిష్యునకుఁ బ్రతి పంపినాను.