చేతికి పని, నోటికి మాట

తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి స్టాఫ్‌రూమ్‌లో ఎదురుగా నిలబెట్టి "ఏరా, ఏమైంది?" అని అడిగి చూడండి. "ఏం లేదండి" అంటాడు. ఇక ఆ పూటకి నోరు విప్పడు. వాడికే సైన్సు ల్యాబు బీరువా సర్దే పని చెప్పి, మనమూ పక్కన కూర్చుని సీసాలు తుడుస్తుంటే కాసేపటికి తనే మొదలెడతాడు. కళ్లలోకి చూడకూడదు, చేతికి పని ఉండాలి. బీఈడీలో ఎవరూ చెప్పని ఈ కిటుకు నాకు హైస్కూలు పిల్లలే నేర్పారు.

కోనసీమలో దీని అవసరం మరీ ఎక్కువ. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళితే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు మా వైపు చాలామంది. అమ్మ వీడియో కాల్‌లో కనిపిస్తూనే ఉంది కదా, ఇంకా బెంగేమిటి అనుకుంటాం. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ పని తెమిలి ఆమె ఫోన్ పట్టుకునేసరికి రాత్రి పదకొండయితే, ఇక్కడ ఒంటిగంటన్నర. మొదటి పీరియడ్‌లో తూగుతున్న పిల్లని లేపి నిలబెట్టే ముందు మాస్టారికి ఈ లెక్క తెలియాలి.

ఇలాంటి బెంగని తట్టుకోవడమూ ఒక నైపుణ్యమే. జీవన నైపుణ్యాలు పది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే జాబితా ఇచ్చింది. తనని తాను తెలుసుకోవడం, ఎదుటివాళ్ల బాధ అర్థం చేసుకోవడం, ఉద్వేగాన్నీ ఒత్తిడినీ తట్టుకోవడం వగైరా. జాబితాకి వంక పెట్టను. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం)తో అది మన బడుల్లో 'విలువల విద్య, జీవన నైపుణ్యాలు' అయింది, దానికో గ్రేడూ వచ్చింది. సానుభూతికి గ్రేడు వేసే సాయంత్రం స్టాఫ్‌రూమ్ చూసి తీరాలి! నెమ్మదస్తులకి ఏ ప్లస్, అల్లరివాళ్లకి బి. నోరెత్తని పిల్ల సుఖంగా ఉన్నట్టే లెక్క. పదో తరగతికొచ్చేసరికి ఆ పీరియడ్ లెక్కల మాస్టారు పట్టుకుపోతారు. ఆయన్ని అనీ లాభం లేదు, పైనుంచి అడిగేది పాస్ పర్సంటేజీయే.

2024 నవంబరులో మన కాకినాడ ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థులకి నైతిక విలువల విషయంలో సలహాదారుగా ప్రభుత్వం నియమించింది. ఆయన చెబితే పిల్లలు వింటారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ కోపమొచ్చినప్పుడు చెయ్యి ఆగాలంటే విన్నది చాలదు. నలుగురితో కలిసి ఏదైనా పని చేస్తూ, గొడవపడుతూ, సర్దుకుంటూ అలవాటు కావాలి.

ఇలా పని చేస్తూ అలవాటు కావడం మనకి కొత్తేం కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు ఆ పనులు నెత్తిన వేసుకున్నారు. పంతులుగారికి అండగా నిలిచినవాళ్లలో ఆయన విద్యార్థులున్నారు. మన హైస్కూలు పిల్లలకంటే కాస్త పెద్దవాళ్లేలెండి. అయినా ఇంట్లో తిట్లనీ వీధిలో వెక్కిరింతలనీ ఓర్చుకోవడం వాళ్లకి ఏ పాఠంలోనో వచ్చి ఉండదు. నమ్మిన మాస్టారు పని అప్పజెప్పాడు, చేస్తూ చేస్తూ వచ్చింది.

మనకి అంతటి పనులు ఎక్కడివంటారా? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు లంకల వాళ్లు తలదాచుకునేది బడుల్లోనే. మనం మాత్రం పిల్లలకి సెలవిచ్చి పంపేస్తాం. మందుల చీటీలు చదివిపెట్టడం, పేర్లు రాసుకోవడం, చంటిపిల్లల్ని ఆడించడం తొమ్మిదో తరగతి వాళ్లకి చేతకాని పనులా? మెరక మీద ఇళ్లున్నవాళ్లని, పెద్దవాళ్లు ఒప్పుకుంటే, ఒంటిపూట ఉంచుకోవచ్చు. పక్కన ఒక మాస్టారో టీచరమ్మో ఉండాలి. ఏటిగట్టు వైపు మాత్రం ఒక్కణ్ణీ పోనివ్వకూడదు, ఫోన్లతో వీడియోలు తీయడానికి ముందు పరిగెత్తేది వీళ్లే.