బిళ్ళ చేతికెలా వచ్చింది?

ఫార్మకోఎపిడెమియాలజీలో పీహెచ్‌డీకి చేరిన పిల్లల్ని మొదటి నెలలోనే కంప్యూటరు ముందు కూర్చోబెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మందు అంగట్లోకి వచ్చాక జనం ఒంట్లో ఏం చేస్తోందో, ఎవరికి మేలు చేస్తోందో, ఎవరికి కీడు చేస్తోందో లెక్కకట్టి చెప్పే శాస్త్రం ఇది. గణాంకాలు నేర్చుకోవలసిందే, సాఫ్ట్‌వేరు రావలసిందే. అంతకన్నా ముందు ఓ ఇంటికి వెళ్లి, అనుమతి అడిగి, ఆ ఇంటివాళ్ల మందుల సంచి విప్పించుకుని చూడాలి. తొలి పాఠాలు చెప్పే అవకాశం నాకు దొరికినప్పుడల్లా విద్యార్థుల్ని చిత్తూరు జిల్లాలోని మా ఊరు కార్వేటినగరం తీసుకొస్తాను.

మా ఊరి మందుల సంచిలో చాలా ఊళ్లుంటాయి. తమిళనాడు రాయవేలూరులో రాసిన చీటీ ఒకటి, తిరుపతిలో రాసింది ఇంకొకటి. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చిన బీపీ, సుగరు బిళ్ళలు. పుత్తూరులో కట్టు కట్టించుకుని వచ్చాక చేతినొప్పికని మందుల అంగట్లో కొన్నవి. జొరం వచ్చినప్పుడు ఊళ్లో ఆర్‌ఎంపీ కాగితంలో చుట్టి ఇచ్చిన నాలుగు రంగుల మాత్రలు. అట్టను సగానికి కత్తిరించి ఇస్తారు కాబట్టి కొన్నిటికి పేరుండదు, కొన్నిటికి తేదీ ఉండదు. రెండు రాష్ట్రాల వైద్యం ఒక్క మనిషి ఒంట్లో కలుస్తోంది. కాగితం మీద మాత్రం ఎక్కడా కలవదు.

స్వీడన్‌లో 2005 జులై నుంచి మందుల షాపులో చీటీ మీద ఇచ్చిన ప్రతి మందూ రోగి గుర్తింపు సంఖ్యతో రిజిస్టరులోకి ఎక్కుతుంది. అక్కడి పరిశోధక విద్యార్థి దేశం మొత్తాన్ని ఒక్క పట్టికలో చూడగలడు. మనవాళ్లు ఆ పట్టికల మీద రాసిన వ్యాసాలు చదివి పద్ధతులు నేర్చుకుంటారు, నేర్చుకోవాలి కూడా. అయితే మన దగ్గర ఆ పట్టికలో మొదటి గడి నింపడానికే ఎంత అడగాలో, ఎంత వినాలో తెలియాలంటే గడప దాటి లోపలికి వెళ్లక తప్పదు.

మొదట తేలవలసింది కాలం. “ఏమ్మా, ఈ బిళ్ళ ఎప్పట్నించి వేసుకుంటా ఉండావు?” అని అడిగితే తేదీ చెప్పేవాళ్లు తక్కువ. “గంగజాతర ముందర నించి నాయనా” అంటారు. “మామిడికాయలు దిగే కాలంలో కళ్లు తిరిగి పడిపోతినే, అప్పట్నించి” అంటారు. వేణుగోపాలస్వామి తెప్పోత్సవం, మనవరాలి పెళ్లి, చెరువు నిండిన ఏడు, కరోనా లాక్‌డౌను, ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే నెల తేలుతుంది. ఇలా ఊరి సంఘటనలతో పట్టిక తయారు చేసుకుని తేదీలు రాబట్టడం ఎపిడెమియాలజీలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే.

ఆ తేదీ మీద అంత పట్టుదల ఎందుకంటే, గడియారాన్ని తప్పుచోట మొదలుపెడితే లెక్కంతా తారుమారవుతుంది. ఏడాదిపాటు నెలనెలా సుగరు బిళ్ళలు తీసుకున్నవాళ్లనూ, అంతకన్నా తక్కువ నెలలు తీసుకున్నవాళ్లనూ పోల్చామనుకుందాం. మొదటి జట్టులో చావులు తక్కువ కనిపిస్తాయి. బిళ్ళ కాపాడిందని రాసేస్తాం. కానీ పన్నెండో నెల బిళ్ళలు తీసుకోవాలంటే పదకొండు నెలలు బతికుండాలి కదా! మధ్యలో పోయినవాళ్లందరూ తమంతట తామే రెండో జట్టులోకి చేరిపోయారు. దీన్ని ఇమ్మోర్టల్ టైమ్ బయాస్ అంటారు. పేరున్న పత్రికల్లో వచ్చిన అధ్యయనాల్లో కూడా ఈ పొరపాటు దొర్లింది. మందు మొదలైన రోజే లెక్కా మొదలవ్వాలి, ఇరుపక్కలా కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లనే తీసుకోవాలి అని ఇప్పుడు నేర్పుతున్నది అందుకే.

రెండో చిక్కు ఇంకా లోతైనది. మందు ఎవరికి పడితే వారికి చేరదు. జబ్బు ముదిరినవాడికే డాక్టరు గట్టి మందు రాస్తాడు. ఆ మందు వాడినవాళ్లలో చావులు ఎక్కువైతే నేరం మందుదా, జబ్బుదా? శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న అడుగుతాను. అక్కడ ఎండలో ఒళ్లు హూనమయ్యేలా పనిచేసేవాళ్లు నొప్పి మాత్రలు వాడతారు. కొన్ని నొప్పి మాత్రలు ఎక్కువకాలం వాడితే కిడ్నీకి చేటన్నది నిజమే. కానీ ఆ మాత్రలే కిడ్నీని దెబ్బతీశాయా, లేక జబ్బు లోపల మొదలయ్యాక వచ్చిన నొప్పులకు మాత్రలు మింగారా? మాత్రకూ ఎండకూ చెమటకూ తాగిన నీళ్లకూ ఎవరి వాటా ఎంత? జబ్బు బయటపడిన రోజున ఒక్కసారి అడిగిన ప్రశ్నతో ఇవేవీ తేలవు. ఏది ముందు, ఏది వెనక అని ఏళ్ల తరబడి మనిషిని అనుసరిస్తేనే జవాబు దగ్గరపడుతుంది.

మూడోది, ఎంతమందిలో అన్న ప్రశ్న. థాలిడోమైడ్ అనే మందు వల్ల పిల్లలు అవయవాలు సరిగా లేకుండా పుడుతున్నారని 1961లో జర్మనీ, ఆస్ట్రేలియా డాక్టర్లు గుర్తించాకే ప్రపంచం మందుల దుష్ఫలితాల మీద నిఘా మొదలుపెట్టింది. మన దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది. 1800-180-3024 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి మందు వల్ల కలిగిన ఇబ్బంది చెప్పవచ్చు. ఆ ఫిర్యాదులు చాలా విలువైనవి. అవి ప్రమాదాన్ని ముందుగా పసిగట్టిస్తాయి. దద్దురు వచ్చిందని ఎంతమంది చెప్పుకున్నారో తెలుపుతాయి. ఎంతమంది ఆ మందు వేసుకుంటే ఎంతమందికి వచ్చిందో మాత్రం వాటిలో ఉండదు. అది కావాలంటే ఊళ్లో అందరినీ లెక్కపెట్టాలి.

అలా లెక్కపెట్టిన పని ఒకటి మన పాత చిత్తూరు జిల్లాలోనే జరిగింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం నుంచి డెన్మార్క్ కుటుంబానికి చెందిన డాక్టర్ యోహానెస్ ఫ్రీమోట్-మోలర్, ఆయన సహచరులు 1950లో చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా అధ్యయనం మొదలుపెట్టారు. పల్లెల్లో మనుషుల్ని నమోదు చేసుకుని, టీకా వేసినవాళ్లనూ వెయ్యనివాళ్లనూ ఏళ్ల తరబడి కనిపెట్టి ఉన్నారు. దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో బడి ముగించిన పిల్లల్లో జరిగిన అధ్యయనంలో టీకా బాగా కాపాడింది. మదనపల్లె పల్లెల్లో అంత రక్షణ కనిపించలేదు. ఆ తర్వాత 1968లో మా నగరికి అవతల తిరువళ్లూరు ప్రాంతంలో రెండున్నర లక్షలకు పైగా జనంతో మరింత పెద్ద పరీక్ష మొదలైంది. పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల క్షయ రాకుండా ఈ టీకా ఆపలేదని అది తేల్చింది. పసిపిల్లల్లో మెదడుకు సోకే క్షయలాంటి తీవ్రమైన రూపాల నుంచి కాపాడుతుంది కాబట్టే పుట్టగానే బీసీజీ వేయడం ఇప్పటికీ అవసరం. ఒక చోట రుజువైన మేలు మరో చోట అంతే ఉంటుందని అనుకోరాదని మదనపల్లె, తిరువళ్లూరు అధ్యయనాలు రెండూ ప్రపంచానికి చెప్పాయి. అప్పట్లో అక్కడి పల్లె జనం చేతులు చాచి సూదులు వేయించుకున్నారు, ఏళ్ల తరబడి వచ్చినవాళ్లకు జవాబులు చెప్పారు. ఆ ఓపిక లేకపోతే ఆ నిజం బయటపడేది కాదు.

ఆ ఓపికకు ఏ విలువ ఇవ్వాలో 2009–10లో ఖమ్మం జిల్లా గుర్తుచేసింది. అక్కడ పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు పద్నాలుగు వేల మంది దాకా గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో ఉన్నారు. గుజరాత్‌లో కూడా అదే ప్రాజెక్టు నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. ఆ టీకా ప్రపంచమంతా వాడుకలో ఉంది, మేలు చేస్తోంది. కానీ చాలామంది పిల్లల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. టీకా తర్వాత ఏం జరుగుతోందో కనిపెట్టే ఏర్పాట్లు బలహీనంగా ఉన్నాయి. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ లోపాలను తీవ్రంగా తప్పుపట్టింది. టీకా వెయ్యకపోయినా ఆ వయసు పిల్లల్లో ఏడాదికి ఎన్ని మరణాలు సంభవిస్తాయో ముందే లెక్కకట్టి ఉంటే, తల్లిదండ్రులకు అంతా విడమరిచి చెప్పి ఉంటే, ఆ బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లకు నమ్మదగిన జవాబు చెప్పగలిగేవాళ్లం. అనుమతి పత్రాన్ని నేను నీతి పాఠంగా విడిగా చెప్పను, లెక్కల పాఠంతో కలిపే చెబుతాను. అడగకుండా తీసుకున్న సమాచారాన్ని జనం నమ్మరు, అది చెప్పిన జవాబునూ నమ్మరు.

తొలి ఏడాది ముగిసేసరికి విద్యార్థి తన పరిశోధన ప్రణాళికలో ఒక అధ్యాయం రాయాలని నా కోరిక. ఈ మందు ఈ మండలంలో ఎవరు రాస్తున్నారు, ఎవరు అమ్ముతున్నారు, ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు, మొదలుపెట్టినవాళ్లు ఎందుకు మానేస్తున్నారు? ఇవి రాయగలిగితేనే తర్వాతి అధ్యాయాల్లోని అంకెలకు అర్థం ఉంటుంది. తిరుపతిలో వైద్య, ఫార్మసీ కళాశాలలున్నాయి, పరిశోధన చేయాలన్న పిల్లలున్నారు. వాళ్ల చదువులో పల్లెలో గడిపే నెలలు తప్పనిసరి కావాలి. వాళ్లు తేల్చిన సంగతి ముందుగా సమాచారమిచ్చిన ఊరికే తెలుగులో చెప్పాలి. మన ఎండలో, మన తిండితో, మన పేదరికంలో ఒక మందు ఏం చేస్తుందో ఇంకో దేశపు రిజిస్టరు మనకు చెప్పలేదు. ఆ లెక్క మనమే కట్టుకోవాలి. కట్టగలిగే పరిశోధకుల్ని మన జిల్లాల్లోనే తయారుచేసుకోవాలి.