గోలీసోడా కిటుకు

జపాన్‌లోని హకోనేలో రహస్యపు చెక్కపెట్టెలు చేస్తారు. పలకల్ని వరస తప్పకుండా జరిపితేనే మూత వస్తుంది. వాటిని ఏరికోరి కొని, ఒక్కో పెట్టెకు ఒక్కో కాక్‌టెయిల్ జతచేసి ముచ్చటపడేవాళ్లున్నారు. బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు ఆ రెండు సరదాలూ ఒకే సీసాలో ఇమిడాయి. అదే గోలీసోడా.

హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. మూత లేదు, బిరడా లేదు. నీళ్లూ గ్యాసూ పట్టించి తల్లకిందులు చేస్తే గోలీ మెడలోకి జారుతుంది. లోపలి గ్యాసే దాన్ని రబ్బరు రింగుకు అదిమి పడుతుంది. పారిపోవాలని చూసే దొంగే తలుపు గడియ పెట్టుకున్నట్టు! బొటనవేలితో గట్టిగా నొక్కితే కీచుమంటూ గోలీ దిగుతుంది.

అసలు కిటుకు ఆ తర్వాతే. మెడ దగ్గర ఒక పక్క నొక్కులుంటాయి. సీసాను అటు వంచితే గోలీ అక్కడే ఆగి, సోడా ధారగా వస్తుంది. ఇటు వంచితే గోలీ దొర్లుకొచ్చి దారి మూసేస్తుంది. సోడాబండి అతను చూడకుండానే సరైన వైపు తిప్పేస్తాడు. నాకు సీసా కన్నా ఆ చేతివాటమే ఇష్టం.

జోడీ సంగతంటారా? మిరపకాయ బజ్జీకి ఉప్పేసిన నిమ్మసోడా. బందరు లడ్డు తిన్నాక ఉత్త సోడా చాలు, తీపి మీద సుగంధి సోడా పొయ్యడం దండగ. ఈ మాటంటే సుగంధి అభిమానులు నా మీద పడతారు. పడనీ.